ఆఖరి ఫారంలో జామకాయ

సినిమా అయిపోయి లైట్లు వెలిగాయో లేదో, మా లైబ్రరీ పాఠకుల సంఘం వాళ్లు ముప్పై నాలుగు మంది ఒక్కసారిగా లేచి నిలబడి అడిగింది ఒకటే మాట: "జామకాయ ఏది?"

మిగతా జనానికి ఏమీ అర్థం కాలేదు. వాళ్లు చూసింది గూఢచారి సినిమా. అందులో తుపాకులున్నాయి, రెండు కార్లు తగలబడ్డాయి, చివర్లో చక్కటి రైల్వే స్టేషనుంది. జామకాయ లోటు వాళ్లకెవరికీ తెలియలేదు. మావాళ్లు ఊరుకుంటారా? సంఘం అధ్యక్షుడు మాస్టారు ముప్పై ఏళ్లు భూగోళం చెప్పి రిటైరైన మనిషి. ఆయన మూసిన గొడుగు తెర వైపు చూపించి, "నవలని నిలువునా చంపేశారు" అని తీర్పు చెప్పేశారు.

నా పక్క సీట్లో మా మేనత్త చేతిరుమాలు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది. ఏడుస్తోందనుకుని వెనక సీటావిడ మంచినీళ్లు అందించింది. ఏడుపు కాదు, నవ్వు. ఎందుకంటే ఆ జామకాయని నవల రాసినాయన పెట్టలేదు. పెట్టింది మేమిద్దరం.

మా అత్త ఆ లైబ్రరీలో ఇరవై రెండేళ్లుగా బైండరు. వెనక గది ఆవిడ రాజ్యం. పొడుగు బల్ల, పుస్తకాన్ని బిగించే మరచెక్కలు రెండు, మైనం పట్టించిన దారం ఉండలు, జిగురు గిన్నె, బల్ల మీదికి ఎండ పడే కిటికీ ఒకటి. పాఠకులు ఎదురుగా "కుట్టు మేడం" అంటారు. వెనకాల ఏమంటారో రాస్తే నన్ను ఇంట్లోకి రానివ్వదు.

పుస్తకాల్లో జనం మర్చిపోయిన సరుకంతా తలుపు పక్కన బోర్డుకి గుచ్చుతుంది. బస్సు టిక్కెట్లు, తలపిన్నులు, ఎవరిదో మోకాలి ఎక్సురే, ఒకసారి ఏకంగా పాలపన్ను. ప్రేమలేఖలు మాత్రం బోర్డెక్కవు. వాటిని చదివి, తప్పులు దిద్ది, మళ్లీ అదే పేజీలో పెట్టేస్తుంది. "పాపం, ఆ పిల్ల ఇంత తప్పులతడక చూసి ఒప్పుకుంటుందేంటే?" అంటుంది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

పేజీల మూలలు మడిచేవాళ్లంటే ఆవిడకి ఒళ్లు మంట.

"ఏవయ్యా, నీ చెవి మడిస్తే ఎలా ఉంటుంది?"

"నొప్పేస్తుంది మేడం."

"మరి దీనిదెందుకు మడిచావు?"

"దానికి నోరు లేదు కదా అని..."

"దానికి లేదు. నాకుంది. ఇలా కూర్చో, వినిపిస్తా."

పనిలో ఆవిడకి ఒకటే సూత్రం. అతుకు కనబడాలి. చిరిగిన పేజీకి కాగితం అతికిస్తే, ఇక్కడివరకు పాతది, ఇక్కణ్ణుంచి నేను వేసింది అని చదివేవాడికి తెలియాలి. పని నేర్చుకుందామని వచ్చిన ప్రతివాళ్లకీ మొదటిరోజు ఇదే చెబుతుంది. "అతుకు దాచాలనిపించిందంటే నీకు పొగరెక్కిందన్నమాట. ఆరోజు సూది కింద పెట్టేసి ఇంటికెళ్లిపో."

ఆరేళ్ల కిందట ఆవిడకే పొగరెక్కింది. ఇంటికి వెళ్లలేదు.

ఆ నవల పేరు "ఉత్తరం లేని కవరు". ఒక గూఢచారి పరాయి ఊళ్లో గడియారాలు బాగుచేసేవాడిగా వేషం కడతాడు. శత్రువుల ఆఫీసులో పనిచేసే టైపిస్టుతో స్నేహం చేస్తాడు. ఒక కవరుని ఎవరికీ చిక్కకుండా రైల్వే స్టేషను దాకా చేర్చాలి. మొత్తం కథంతా ఆ కవరే. ఎవరో దానమిచ్చిన పాత ప్రతి లైబ్రరీకి వచ్చిందని తెలియగానే, ఇంకా ఎవరూ చదవకముందే మా ఊళ్లో అందరూ ఆ పుస్తకానికి వరస కట్టారు. అట్ట ఊడి, వీపు విరిగి, మా అత్త బల్ల మీదికి వచ్చేసరికి ఆ పుస్తకంలో ఆఖరి ఫారం లేదు. ఫారమంటే ఒకే కాగితం మీద అచ్చువేసి మడిచిన పదహారు పేజీలు. గూఢచారి, టైపిస్టు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారు, రైలు కూతేసింది, తర్వాత అట్ట.

పబ్లిషరుకి ఉత్తరం రాస్తే ఆ కంపెనీయే మూతపడిందని తిరిగొచ్చింది. పక్క ఊళ్ల లైబ్రరీల్లో అడిగితే ఎక్కడా లేదన్నారు. ఇలాంటప్పుడు తెల్ల కాగితాలు కుట్టి "పేజీలు లేవు" అని ముద్ర కొట్టాలి. ముద్ర ఆవిడ సొరుగులోనే ఉంది. కానీ మా అత్త కుట్టే పుస్తకం చదవకుండా వదలదు. రైలు కూత దగ్గరికొచ్చి ఆగిపోయింది. వారం రోజులు మనిషి మనిషిలా లేదు.

ఎనిమిదో రోజు నా డీటీపీ షాపుకొచ్చింది. లైబ్రరీకి ఎదురుగానే నా షాపు. నేను పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పెళ్లిపత్రికల్లో పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు తారుమారు చేసి, తిట్లు తిని నేర్చుకున్నాను.

"ఏమే కోతీ, ఈ అక్షరాల్లాంటి అక్షరాలు నీ మెషిన్లో ఉన్నాయా?"

"ఉన్నాయి. దేనికి?"

"నేను చెబుతుంటాను, నువ్వు కొట్టు. అడ్డు ప్రశ్నలెయ్యకు."

మూడు మధ్యాహ్నాలు చెప్పింది. ఆవిడ కథలో టైపిస్టు అమాయకురాలు కాదు. ఆ కవరుని ఎప్పుడో ఆవిరి పట్టి విప్పేసింది, లోపల ఏమీ లేదని చూసింది, మళ్లీ అంటించేసింది. ఆవిరికి ఏ జిగురు లొంగుతుంది, ఏది లొంగదు, తిరిగి అంటించేటప్పుడు అంచు ముడత పడకుండా ఎలా ఆరబెట్టాలి అని రెండు పేజీలుంటుంది అందులో. గూఢచారి తనని ఎరగా వాడుకున్నాడని ఆమెకి తెలుసు. రైలు కదులుతుండగా అతని కోటు జేబులో చెయ్యిపెట్టి టిక్కెట్టు తీసుకుని, తనెక్కేసి, అతన్ని ప్లాట్‌ఫారం మీద వదిలేస్తుంది.

జేబులో చెయ్యిపెట్టే చోట నాకు చెయ్యి ఊరుకోలేదు. "ముందుగా సగం కొరికిన జామకాయ తగిలింది. అది అతని చేతిలో పెట్టి, 'ఇది మీరు ఉంచుకోండి' అంది" అని కొట్టాను. మా అత్త ప్రూఫు చూస్తూ అక్కడ ఆగింది.

"ఇదెవరు రాశారే?"

"గాలికి పడింది."

కళ్లజోడు మీంచి నా వైపు చూసింది. "ఉండనీ. గూఢచారైతే మాత్రం ఆకలెయ్యదా?"

పాత రిజిస్టర్ల చివర మిగిలిపోయిన ఖాళీ కాగితం తీసి, టీ డికాషన్‌లో ముంచి, ఆరేసి, పుస్తకం రంగుకి తెచ్చింది. అచ్చువేశాం. కుట్టింది. ఏది పాతదో ఏది కొత్తదో నేనే కనిపెట్టలేకపోయాను. ఆవిడ ఆ పుస్తకాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పుకుని చూసుకున్న చూపు నాకింకా గుర్తుంది. ఆ చూపు మంచిది కాదు.

పుస్తకం బయటికెళ్లింది. ఊరు ఊగిపోయింది. ముగింపంటే ఇదీ అన్నారు. రచయిత జిగురు గురించి ఎంత పరిశోధన చేశాడో అన్నారు. మాస్టారైతే "సగం కొరికిన ఫలం" అని గంటన్నర ఉపన్యాసం ఇచ్చారు. సగం అంటే రెండుగా చీలిన ప్రపంచమట, పంటిగాటు అంటే సరిహద్దు రేఖట. అది వింటుంటే నాకు ఊపిరాడలేదు. సభ అయ్యాక మా అత్త ఆయన దగ్గరికెళ్లి, "మాస్టారూ, ఆ చివర సంగతి..." అని మొదలుపెట్టింది కూడా. "అమ్మా, అలాంటి ముగింపు మహానుభావులు తప్ప రాయలేరు" అన్నారాయన. మహానుభావురాలు నోరుమూసుకుని వచ్చేసింది. అలా ఆరేళ్లు గడిచాయి.

ఇప్పుడీ సినిమా. ప్లాట్‌ఫారం మీద గూఢచారి కవరు టైపిస్టు చేతిలో పెట్టి, తనొక్కడే రైలెక్కిపోతాడు. రైలు దాటిపోయాక ఆమె కవరు విప్పుతుంది. ఖాళీ. మాటా లేదు, పాటా లేదు. ఆమె మొహం చూపిస్తూ తెర చీకటైపోతుంది. మావాళ్లకి కడుపు రగిలిపోయింది. వచ్చే ఆదివారం పొద్దున "నవలా? సినిమానా?" అని సభ పెట్టారు. సినిమా కంపెనీకి నిరసన ఉత్తరం పంపాలట. దానికి ఆఖరి పదహారు పేజీల జిరాక్సు జతచేసి, లైబ్రరీ ముద్ర వేయాలట.

అంతవరకైతే నవ్వుకుని ఊరుకునేవాళ్లం. కానీ ఆ సభకి ఇంకొకరు వస్తున్నారు. రెండు వీధుల అవతల పాత రికార్డుల ఆఫీసుంది. వందేళ్ల పైబడిన జనన రిజిస్టర్లు, పొలాల హద్దుల పుస్తకాలు అక్కడ ఒక గదిలో చెదలు పట్టిపోతున్నాయి. వాటిని బాగుచేసే బైండరు కావాలి. పని నేర్చుకున్న రోజుల నుంచీ మా అత్త కన్ను ఆ గది మీదే. నవలలు అందరూ కుడతారే, ఊరి పుట్టుక కుట్టాలి అనేది. అక్కడి షరతు ఒకటే. బైండరు ఒక్క అక్షరం కూడా మార్చకూడదు, చేర్చకూడదు. రికార్డుల ఆఫీసరు గారు మా అత్త పనితనం చూడ్డానికి వస్తున్నారు. చూపించడానికి మా లైబ్రేరియన్ ఏ పుస్తకం తీసి పెట్టాడు? అదే. "ఎక్కడ రిపేరు చేశారో ఎవరూ కనిపెట్టలేరండీ" అని ఫోనులో మురిసిపోతూ చెప్పాడు. ఎవరికీ కీడు తలపెట్టని మనిషి. ఇంత నిప్పు ఒళ్లో వేస్తున్నానని ఆయనకేం తెలుసు?

గురువారం నేను బస్టాండు పుస్తకాల కొట్లో దాన్ని చూశాను. సినిమా బొమ్మ అట్టతో వేరే కంపెనీ కొత్తగా అచ్చేసిన "ఉత్తరం లేని కవరు". పరిగెత్తుకొచ్చి అత్త బల్ల మీద పడేశాను. ఆవిడ నిలబడే చివరి పదహారు పేజీలూ చదివింది. ఆరేళ్ల తర్వాత రైలు కూత అవతలేముందో తెలిసింది. సినిమా ఎలా ఉందో అలాగే ఉంది. సినిమావాళ్లు అక్షరం తప్పలేదు.

"ఎలా ఉందత్తా?"

"బాగానే రాశాడు." పుస్తకం మూసింది. దాన్ని పక్కకి నెట్టి, "నాదే బాగుంది" అంది.

"ఉంటుందిలే. ఇప్పుడేం చేద్దాం? కొట్లో ఇంకా ఐదున్నాయి, మాయం చేసేస్తా."

"ఊళ్లన్నిట్లో బస్టాండులున్నాయే."

"పోనీ లైబ్రరీ పుస్తకమే పోగొడదాం. నేను ఇంటికి తీసుకెళ్తా, బస్సులో మర్చిపోయా అంటా. నాకు పోయేదేముంది? నా పేరు ఎలాగూ చెడిందేగా."

ఆవిడ నిజంగానే ఆలోచించింది. చేతిలో దారం చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"రేపు ఆ రికార్డుల గదిలో కూర్చుంటాననుకో. ఎవరి పుట్టినరోజో చిరిగిపోయి ఉంటుంది. అప్పుడు నా చెయ్యి ఏం చేస్తుందో అని నాకే అనుమానంగా ఉంటే ఎలాగే? ఆదివారం నువ్వు ముందు వరసలో కూర్చో. నవ్వావంటే చంపేస్తా."

ఆదివారం హాలు నిండిపోయింది. మాస్టారు గొడుగు కుర్చీకి తగిలించి, కాగితం విప్పి, తేడాలు చదవడం మొదలుపెట్టారు. నవల్లో గూఢచారి పొట్టివాడు, బట్టతల, ఎడమ బూటు కిర్రుమంటుంది. ఆ బూటు చప్పుడు దాచడానికి మూడో ప్రకరణమంతా మునివేళ్ల మీద నడుస్తాడు. సినిమాలో ఆరడుగుల అందగాడు, బూటు కిక్కురుమనదు. నవల్లో పర్మిట్ ఆఫీసు క్యూలో పదకొండు పేజీలు నిలబడతాడు, తీరా తన వంతొచ్చేసరికి గుమస్తా కిటికీ మూసేస్తాడు. సినిమాలో క్యూ ఎగిరిపోయి మేడల మీద పరుగులు వచ్చాయి. నిజం చెప్పాలంటే మేడల మీంచి దూకుతుంటే నేను ఆవలించాను. నవల్లో ఆ గుమస్తా కిటికీ మూసినప్పుడు మాత్రం నా గుండె జారిపోయింది, చదువుతున్నది వట్టి కాగితమే అయినా. టైపిస్టుకి నవల్లో కళ్లజోడు, కోపం రెండూ ఉన్నాయి. సినిమాలో రెండూ తీసేశారు. మాస్టారు అడిగినవన్నీ న్యాయమైన మాటలే.

"ఇక అన్నిటికన్నా ఘోరం, ముగింపు" అని ఆయన గొంతు పెంచగానే మా అత్త లేచింది.

"మాస్టారూ, సినిమా ముగింపు నాకు నచ్చింది."

హాలంతా కలకలం రేగింది. "ఏంటి మేడం మీరు కూడానా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"గడియారాల కొట్టు సీను కూడా బాగుంది. గూఢచారికి భయమేసిందని నవలాయన నాలుగు పేజీలు చెప్పాడు. సినిమాలో కొట్లో గడియారాలన్నీ టిక్ టిక్‌మంటుంటే ఒక్కటి ఆగిపోయింది, అంతే. నాకు ఒళ్లు జలదరించింది. ఇక చివర అంటారా, సినిమావాళ్లు పుస్తకంలో ఉన్నదే తీశారు. మార్చింది వాళ్లు కాదు." కొత్త పుస్తకం మాస్టారి ముందు పెట్టింది. "మన పుస్తకంలో ఆఖరి ఫారం పోయింది. ఆ పదహారు పేజీలు రాసింది నేను. కుట్టింది నేను. చెప్పకుండా ఊరుకున్నదీ నేనే."

లైబ్రేరియన్ కుర్చీలో కుంగిపోయాడు. మాస్టారు మాత్రం నమ్మలేదు. "అసంభవం. ఆ కాగితం చూడమ్మా, ఆ వయసు చూడు..."

"టీ డికాషన్ మాస్టారూ. వేలు తడిచేసి రుద్దండి."

ఆయన వేలు తడి చేసుకుని పేజీ అంచున రుద్దారు. వేలు గోధుమరంగుకి తిరిగింది. ఆ మనిషి ఏ లోకంలో ఉన్నారో, ఆ వేలు నాలుక మీద పెట్టుకున్నారు.

"చక్కెర లేదు" అన్నారు.

నేను నవ్వలేదు. నా పెదవి మీద పంటిగాటు ఇప్పటికీ ఉంది, కావాలంటే మాస్టారు దాని మీద ఉపన్యాసం ఇచ్చుకోవచ్చు.

రికార్డుల ఆఫీసరు గారు లేచి ముందుకొచ్చారు. పొడుగ్గా ఉన్న ఆడమనిషి, తక్కువ మాట్లాడతారు. పుస్తకం వీపు, లోపలి మడత, కుట్టు అన్నీ చూశారు.

"ఎందుకు చేశారు?"

"అప్పట్లో ముప్పై ఒక్కమంది దీనికోసం వరసలో ఉన్నారండి. నేను ముప్పై రెండోదాన్ని. చివరేంటో తెలియకుండా ఉండలేకపోయాను. అది తప్పనుకోను. అతుకు దాచాను చూడండి, అది తప్పు. నా చేతి పని ఎంత బాగా కుదిరిందో చూసుకుని మురిసిపోయి దాచాను."

"దీన్ని తీసేయగలరా, మిగతా పుస్తకానికి దెబ్బ తగలకుండా?"

"పది నిమిషాలు."

హాల్లోనే బల్ల మీద కూర్చుంది. నేను వెనక గదిలోంచి చిన్న కత్తి, సూది తెచ్చిచ్చాను. వీపుకి అంటించిన జిగురుగుడ్డ తడిపి లేపింది, ముడి కోసింది, దారం లాగింది. పదహారు పేజీలు బల్ల మీదికి వచ్చాయి. పాత పేజీల్లో ఒక్కటీ చెదరలేదు. ఆఫీసరు గారు చేతి గడియారం చూసుకున్నారు. ఏడు నిమిషాలు.

"మళ్లీ ఇలాంటిది చేస్తారా?"

మా అత్త తడుముకోలేదు. "నవలైతే చేస్తానండి. మొదటి పేజీలోనే నా పేరు వేసి చేస్తాను. మీ రిజిస్టర్లలో మాత్రం చుక్క కూడా పెట్టను."

"మా రిజిస్టర్లకి ముగింపులుండవు లెండి. మీకు అంత నోరూరదు." ఆఫీసరు గారు నవ్వారో లేదో నేను సరిగ్గా చూడలేకపోయాను. "బుధవారం ఒకటి పంపిస్తాను. బాగా పాడైనది. అది చూశాక మాట్లాడుకుందాం. ఈ సంగతి మీ కాగితాల్లో రాసుకుంటాను, రాయకుండా ఉండలేను."

"రాయాలి మరి" అంది మా అత్త.

ఆఫీసరు గారు వెళ్లగానే మావాళ్ల గోల మొదలైంది. కొందరికి కోపం, ఆరేళ్లు మోసపోయామని. ఎక్కువమంది మాత్రం ఆ పదహారు పేజీలు పారేస్తే ఊరుకోమన్నారు. లైబ్రేరియన్ పాపం అటూ ఇటూ చూసి, విడిగా సన్నటి పుస్తకంగా కుట్టమన్నాడు. కార్డు రాయడానికి కూర్చుని, "రచయిత అన్నచోట?" అని అడిగాడు. "కుట్టు మేడం అని రాయండి, అందరికీ తెలుస్తుంది" అంది అత్త. ఇప్పుడు దానికి వరసలో నలభై మంది ఉన్నారు.

నన్నెవరూ పట్టించుకోలేదని జారుకోబోతుంటే మాస్టారి గొడుగు వంకీ నా భుజానికి తగులుకుంది.

"జామకాయ మీ అత్త బుర్రలో పుట్టింది కాదు. ఆ వాక్యం నడక వేరు. ఎవరిది?"

ఒప్పుకున్నాను. ఊరికే సరదాకి కొట్టానని, దానికి అర్థం పర్థం ఏమీ లేదని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన జాలిగా చూశారు.

"నీకు తెలియకుండా రాశావు. అర్థం నాకు తెలుసు. ఇంటికెళ్లు."

బుధవారం రిజిస్టరు వచ్చింది. జనన రిజిస్టరు, అంచులన్నీ చెదలు తినేసినవి. రెండు వారాలు దాని మీదే కూర్చుంది. పంపించే ముందు రోజు నేను పక్కన చేరి పేజీలు తిప్పుతుంటే ఒక వరస కనబడింది. తేదీ ఉంది, తండ్రి పేరు ఉంది, పుట్టింది ఆడపిల్ల అని ఉంది. పిల్ల పేరున్న చోట చెద తిన్న కన్నం.

"అత్తా, ఏం పేరు పెట్టుంటారంటావు?"

"ఏమో."

"మొదటి అక్షరం కొమ్ము కొంచెం కనబడుతోంది చూడు. దాన్నిబట్టి..."

చేతి మీద ఫట్‌మని ఒక్కటిచ్చింది. కన్నానికి వెనకనుంచి కాగితం అతికించింది. టీలో ముంచలేదు. పేజీ అంతా పసుపుపచ్చగా ఉంటే ఆ ముక్క ఒక్కటే మల్లెపువ్వంత తెల్లగా, గుమ్మంలోంచి చూసినా కనబడేలా ఉంది. వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"బాగుందా?" అంది.

"చండాలంగా ఉంది" అన్నాను.

"అదీ" అని రిజిస్టరు మూసి, మరచెక్కల మధ్య పెట్టి బిగించింది. అది వెళ్లిన నాలుగో రోజు ఇంకో ఆరు వచ్చాయి.